కదిలే బొమ్మకు కటౌట్ ఉండదు

కోడంబాక్కంలో ఉంటూ సినిమా పిచ్చి ఉందని చెప్పుకున్నవాణ్ణి "ఏం సినిమాలు చూస్తారు?" అని ఎవరూ అడగరు. "మీరు ఎవరి ఫ్యాన్?" అని అడుగుతారు. ఈ పేటలో అభిమానం అంటే దానికో ముఖం ఉండాలి, ఆ ముఖానికి నలభై అడుగుల కటౌట్ ఉండాలి, రిలీజు రోజు తెల్లారకముందే దాని నెత్తిన పాలు పోయడానికి ఎవడో ఒకడు నిచ్చెన ఎక్కాలి. నాకు ఆ భాగ్యం లేదు. నా పిచ్చంతా బొమ్మల సినిమాల మీద. చీపురుకట్టల చేత నీళ్లు మోయించిన మిక్కీ, మియజాకీ సినిమాలో దయ్యాల స్నానాల సత్రంలో కొలువు కుదిరిన చిన్నపిల్ల, లడ్డూ తింటే తప్ప చెయ్యెత్తని ఛోటా భీమ్. వీళ్లలో ఎవరి పుట్టినరోజుకీ రక్తదాన శిబిరాలు జరగవు. వీళ్లు పార్టీలు పెట్టరు. వయసు దాచుకునే అవస్థ లేదు. ఆ ఎలుక 1928 నుంచి జుట్టుకు రంగు వేయకుండా నెట్టుకొస్తోంది.

బంధువుల దృష్టిలో ఇది చిన్న జబ్బు. "మామయ్యా, మావాడి వంక పెట్టి మీరే చూసొస్తున్నారు కదూ?" అని మా మేనకోడలు అడుగుతుంది. నిజమే. పక్కన పిల్లవాడుంటే టికెట్ల దగ్గర పరువు దక్కుతుంది. వాడికి పాప్‌కార్న్, నాకు గౌరవం. నెరిసిన జుట్టు మనిషి ఒంటరిగా వచ్చి మాట్లాడే కుందేలు సినిమాకి టికెట్ అడిగితే, కౌంటర్లో అమ్మాయి 'ఒకటేనా సార్?' అని రెండుసార్లు అడుగుతుంది. మూడు హత్యలు, ఆరు పాటలు ఉన్న సినిమాకి వెళ్తే అలా అడగరు. ఏది పెద్దల వ్యవహారమో, ఏది పిల్లల వ్యవహారమో మన జనం తేల్చేసిన తీరు ఎప్పుడూ నాకు అంతుపట్టదు.

తేల్చినవాళ్లు తమ చిన్నతనం మరిచిపోయి ఉండాలి. ఎందుకంటే, మనం దాన్ని యానిమేషన్ అని పిలవడం నేర్చుకోకముందే తెలుగువాళ్లం దాని దాసులం. అది మరిగించిన చోటు మా ఇంటికి ఎంతో దూరం కాదు.

పవర్ హౌస్ స్టాపు దగ్గర ఆర్కాట్ రోడ్డెక్కి పడమరగా వెళ్తే వడపళని. మెట్రో తవ్వకాల పుణ్యమా అని ఈ కాస్త దూరం ఇప్పుడు తీర్థయాత్రంత సాగుతోంది. అక్కడ విజయా ఆసుపత్రి, దాని పక్కన పెద్ద మాల్, మాల్ మీద అంతస్తులో మల్టీప్లెక్స్. బొమ్మల సినిమాలు నేను చూసేది ఎక్కువగా అక్కడే. ఆ నేలంతా ఒకప్పటి విజయా-వాహినీ స్టూడియో ఆవరణ. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల సామ్రాజ్యం. 'పాతాళభైరవి', 'మాయాబజార్' పుట్టిన ఫ్లోర్లు అక్కడే ఉండేవి. ఇప్పుడు కార్లు పార్కింగ్ చేసే చోట ఏ ద్వారకానగరం సెట్టు వేశారో చెప్పేవాళ్లు లేరు. ఎస్కలేటర్ ఎక్కుతున్నప్పుడల్లా నాకు మాత్రం కాస్త గర్వంగా ఉంటుంది. హాలీవుడ్ కార్టూన్ చూడ్డానికి ఘటోత్కచుడి ఆశ్రమం మీదుగా వెళ్తున్నాను మరి.

1957 నాటి 'మాయాబజార్'ను నేను బొమ్మల సినిమాల లెక్కలోనే వేసుకుంటాను. శాస్త్రం ఒప్పుకోకపోవచ్చు. కానీ చూడండి: కదలకూడనివన్నీ అందులో కదులుతాయి. గింబళి చుట్టుకుపోతుంది, గిల్పం పడుకున్నవాణ్ణి విసిరేస్తుంది. వస్తువుకు కోపం, కొంటెతనం అంటగట్టడమే యానిమేషన్ అయితే ఇంతకన్నా ఏం కావాలి? వివాహ భోజనం పాటను కంప్యూటర్లో ఆపి, కొద్దికొద్దిగా జరుపుకుంటూ చూడడం నాకున్న దురలవాట్లలో ఒకటి. పళ్లెంలో లడ్డూ లేస్తుంది. నోటి దగ్గరికి వస్తుంది. అందరూ లడ్డూను చూస్తారు. మీరు ఈసారి ఎస్.వి. రంగారావు కళ్లు చూడండి. నోరు తెరిచే ముందు కళ్లు తెరుచుకుంటాయి. లడ్డూ లోపలికి వెళ్లగానే బుగ్గ, ఆ వెనక భుజం, ఆ వెనక పొట్ట, ఒకదాని వెంట ఒకటి సంతోషిస్తాయి. ఒక కదలిక ఒంట్లో ఒకచోట మొదలై వరసగా మిగతా చోట్లకు పాకాలని యానిమేషన్ బళ్లలో మొదటి ఏడాది నేర్పుతారు. ఎవరూ నేర్పకుండానే ఆయన ఒంటికి అది తెలుసు. కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లే కెమెరా, కింద పేర్లు తెలియని కుర్రాళ్లు ఎందరో. లడ్డూ లేచింది మాత్రం ఆ పేర్లు తెలియని చేతుల వల్లే.

నా అభిమానమంతా ఆ చేతుల మీద. బొమ్మల సినిమా అయిపోయాక పేర్లు పైకి పాకుతుంటే కదలకుండా కూర్చుంటాను. చీపుర్లు పట్టుకున్న కుర్రాళ్లు తలుపు దగ్గర నిలబడి నన్ను చూసి నిట్టూరుస్తారు. ఆ పేర్లలో అప్పుడప్పుడు ఒక రెడ్డి, ఒక శ్రీనివాస్, ఒక లక్ష్మి దొర్లుకుంటూ పోతారు. 'లైఫ్ ఆఫ్ పై'లో పడవెక్కిన పులిలో చాలాభాగం కంప్యూటర్ బొమ్మే. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉండేది. 2013 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసింది. అదే నెలలో ఆ పులికి ఆస్కార్ వచ్చింది. ఏ కథానాయకుడికైనా ఇలా జరిగితే ఊళ్లు అట్టుడికిపోవూ? పులి బొచ్చు దువ్వినవాళ్ల కోసం ఒక్క బస్సు అద్దం కూడా పగల్లేదు. పగలాలని నా కోరిక కాదు, ఊరికే గుర్తు చేస్తున్నాను.

ఇక నన్ను ఎన్నాళ్లుగానో తొలిచేస్తున్న సంగతి చెప్తాను. విజయా-వాహినీ నాగిరెడ్డి గారిదే చందమామ కూడా. చందమామ బిల్డింగ్స్, వడపళని, మద్రాసు-26. తెలుగునాట ఆ చిరునామా తెలియని పిల్లలు ఉండేవారు కాదు. 1947 జూలైలో తెలుగు, తమిళాలతో మొదలై పత్రిక పది భాషలు దాటిపోయింది. అక్కడ బల్లల ముందు కూర్చున్నవాళ్లు సామాన్యులా? చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్‌కి చిత్ర గీసిన గండభేరుండం ఎగరడానికి సిద్ధంగా ఉండేది. పేజీ తిప్పితే ఎగిరిపోతుందేమోనని వేలు అడ్డం పెట్టేవాళ్లం. శంకర్ గారి విక్రమార్కుడు భుజాన శవంతో, చేతిలో కత్తితో శ్మశానంలో నడుస్తూ నెలనెలా మన ఇంటికి వచ్చేవాడు. ఒక్క బొమ్మే, అయినా అడుగు చప్పుడు వినిపించేది. ముందు కాలి మడమ ఇంకా పూర్తిగా ఆనలేదు, వెనక కాలు అప్పుడే లేస్తోంది, వెనక్కి తిరిగిన మెడ. ఆ మెడ తిప్పడంలోనే భయమూ ఉంది, రాజరికమూ ఉంది. రెండు అడుగుల మధ్య ఏ క్షణాన్ని గీస్తే మనసు మిగతా నడకను పూరిస్తుందో ఆయనకు తెలుసు.

అంటే, ఒకే యజమాని కింద ఇటు దక్షిణాదిలో మేలైన బొమ్మల బల్ల, అటు మేలైన ట్రిక్ కెమెరా. మధ్యలో నాలుగు అంగల దూరం. ఆ రెండూ కలిసి నిండు నిడివి బొమ్మల సినిమా ఒక్కటీ తీయలేదు! పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు అయింది. బొంబాయిలో ఫిల్మ్స్ డివిజన్ వాళ్లు 1956లో డిస్నీ దగ్గర పనిచేసిన క్లెయిర్ వీక్స్‌ను పిలిపించి కుర్రాళ్లకు పాఠాలు చెప్పించారు. మరుసటేడు 'ది బనియన్ డీర్' అని జాతక కథను బొమ్మలతో తీశారు. అదే 1957. ఇక్కడ మాయాబజార్. జాతక కథలకీ, బేతాళ కథలకీ మన దగ్గర కొదవా?

నేను చాలాకాలం ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూసినవాణ్ణి. కాబట్టి కారణం నాకు అంకెల్లోనే దొరుకుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. పొదుపుగా రెండు ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున గీసినా సెకనుకు 12, నిమిషానికి 720. మాయాబజార్ నిడివి 184 నిమిషాలు. ఆ నిడివికి ఒక్క పాత్రే ఉందనుకున్నా 1,32,480 బొమ్మలు. చందమామ లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ఒక్క బొమ్మ గీస్తే అన్ని భాషల అచ్చుకూ అదే సరిపోతుంది. అక్షరాలు మార్చుకుంటే చాలు. ఒక గీతతో పది భాషల పిల్లల్ని మురిపించగలిగిన వ్యాపారి, పన్నెండు గీతలతో ఒక్క సెకను కొనుక్కోవాలని ఎందుకు అనుకుంటాడు? పైగా ఎన్.టి. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, రంగారావు నడిచి వచ్చే దూరంలో ఉన్నప్పుడు, గీసిన మనిషి అక్కరేమిటి? నిజం చెప్పాలంటే రంగారావు ఉండగా ఘటోత్కచుణ్ణి గీయడం దుబారానే. ఆడిటర్‌గా నేను సంతకం పెట్టేస్తాను. అభిమానిగా పెట్టను.

ఆ ఖాళీ ఎంతకాలం సాగిందంటే, 1989లో అదే రోడ్డులోని ఏవీఎం వారు 'రాజా చిన్న రోజా'లో రజనీకాంత్ చుట్టూ కార్టూన్ జంతువుల్ని ఆడించాలనుకుంటే, ఆ బొమ్మల పని బొంబాయిలో రామ్‌మోహన్ చేతుల మీదుగా జరగాల్సి వచ్చింది. క్లెయిర్ వీక్స్ దగ్గర పాఠాలు నేర్చుకున్న కుర్రాళ్లలో ఆయనొకరు. విత్తనం ఎక్కడ చల్లితే పంట అక్కడ.

మన పేటలో పంట వచ్చింది, కానీ వేరే విత్తనంతో. తొంభైల చివర్లో పెంటాఫోర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ బొమ్మల వ్యాపారంలోకి దిగి పెంటామీడియా గ్రాఫిక్స్ అయింది. చిరునామా యునైటెడ్ ఇండియా కాలనీ, మొదటి మెయిన్ రోడ్డు, కోడంబాక్కం. కొబ్బరి చెట్లు, ఇన్సూరెన్సు పింఛన్‌దారులు, పొద్దుటిపూట వాకింగ్. అలాంటి కాలనీలోంచి 2000లో 'సింద్‌బాద్: బియాండ్ ద వెయిల్ ఆఫ్ మిస్ట్స్' బయటికొచ్చింది. మొదటి నుంచి చివరి దాకా మోషన్ క్యాప్చర్ పద్ధతిలో తీసిన తొలి నిండు సినిమాగా దాన్ని చెబుతారు. గొంతులు హాలీవుడ్ వాళ్లవి. బ్రెండన్ ఫ్రేజర్, లియొనార్డ్ నిమోయ్ లాంటివాళ్లు. అదే ఏడాది 'పాండవాస్: ది ఫైవ్ వారియర్స్'. ఉషా గణేశరాజా దర్శకత్వం. ఇంగ్లీషు సినిమాల విభాగంలో జాతీయ అవార్డు కూడా వచ్చింది. పాండవులు ఇంగ్లీషులో మాట్లాడి ఢిల్లీలో బహుమతి కొట్టారు, అదీ మన కాలనీ నుంచి. ఆ తర్వాత ఆలీబాబా, బుద్ధుడు, గలివర్ కూడా ఆ కంపెనీ గుమ్మం దాటారు. షేర్ మార్కెట్‌లో ఆ పేరు ఆకాశానికి ఎగిరి, అంతే వేగంగా దిగింది. మా ఆఫీసులో ఆ షేరు కొని దాచుకున్నవాళ్లు చాలాకాలం బొమ్మల సినిమా మాట ఎత్తితే ముఖం తిప్పుకునేవారు.

అభిమానికి కోపం వచ్చే హక్కు ఉంటుంది. నాకు ఆ సినిమాల మీద కోపం ఉంది. మోషన్ క్యాప్చర్ అంటే, నటుడికి ఒంటికి అతుక్కునే దుస్తులు వేసి, కీళ్ల దగ్గర వెలుగు తిప్పికొట్టే చిన్న బంతులు అతికిస్తారు. చుట్టూ కెమెరాలు ఆ బంతులు ఎటు కదిలాయో పట్టుకుంటాయి. ఆ కదలికను కంప్యూటర్లోని అస్థిపంజరానికి తొడుగుతారు. కదలిక నిజమే, ఎముక నిజమే, కానీ ఆనాటి యంత్రాలకు కండ, బట్ట, కనురెప్ప పట్టుబడలేదు. పాదం నేల మీద ఆనకుండా జారేది. కన్నీళ్లు పెట్టుకోవాల్సిన చోట ముఖం మైనంలా ఉండేది. గీసేవాడైతే దుఃఖానికి భుజాలు రెండింతలు వంచుతాడు, కోపానికి మెడ సాగదీస్తాడు. కొలత ప్రకారం కదిలేవాడికి ఆ స్వేచ్ఛ లేదు. రంగారావు మనిషై ఉండి బొమ్మలా చెలరేగాడు. ఈ బొమ్మలు మనుషుల్లా ఒదిగి ఉండబోయాయి. 2014లో రజనీకాంత్ 'కోచ్చడైయాన్', మన తెలుగులో 'విక్రమసింహ', ఇదే దారిలో ఇంకా ఖరీదైన బండెక్కింది. జనం రజనీ ముఖం కోసం వచ్చారు. అక్కడ ఉన్నది రజనీ కాదు, అలాగని గీసిన రాజూ కాదు. రెంటికీ చెడ్డ రేవడి. కటౌట్ కోసం తీస్తే బొమ్మల సినిమా ఎలా దెబ్బతింటుందో చూపించడానికి నాకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఈ కథలో ఒక మనిషిని తలుచుకుంటే కోపం చల్లారుతుంది. మాయాబజార్‌కు కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. ఒక్క మాట లేకుండా 'పుష్పక విమానం' తీసినాయన, కాలయంత్రంలో మనల్ని కృష్ణదేవరాయల దగ్గరికి తీసుకెళ్లినాయన. ఆయన 2003లో పెంటామీడియాకు 'సన్ ఆఫ్ అలాదీన్' తీశారు. అక్కడితో ఆగలేదు. 2008లో, డెబ్భై అయిదు దాటాక, 'ఘటోత్కచ్' అనే బొమ్మల సినిమా తీశారు. యాభై ఏళ్ల కింద వాహినీ ఫ్లోరులో పక్కన నిలబడి చూసిన ఆ రాక్షసబ్బాయిని, ఈసారి పసివాడిగా గీయించారు. సినిమా గొప్పగా ఉందా అని అడిగితే నీళ్లు నములుతాను. కానీ ఒక పాత్రను యాభై ఏళ్లు మనసులో పెట్టుకుని, నటుడు పోయాక, స్టూడియో పోయాక, మళ్లీ గీయించుకోవాలనుకోవడం! అభిమాని అంటే అదీ. ఆయన ముందు నేను బచ్చాగాణ్ణి.

ఆ లోపల హైదరాబాద్‌లో రాజీవ్ చిలకా గ్రీన్ గోల్డ్ కంపెనీలో ఛోటా భీమ్ పుట్టి, 2008 నుంచి దేశంలో పిల్లలున్న ప్రతి ఇంట్లో తిష్ఠ వేశాడు. వాడికి బలం లడ్డూల్లో. కొడుకు ఘటోత్కచుడు వడపళనిలో లడ్డూలు తిన్న ఇన్నేళ్లకు, తండ్రి భీముడు చిన్నపిల్లవాడై హైదరాబాద్‌లో లడ్డూలు తింటున్నాడు. వ్యాసుడు ఈ వరస చూసి ఏమంటాడో కానీ మా మనవడికి మాత్రం ఇది చాలా సబబుగా ఉంది. 2006లో బి. సత్య తీసిన 'కిట్టు' అనే కోతి కథ, తెలుగులో తొలి నిండు యానిమేషన్ సినిమా, జాతీయ అవార్డు తెచ్చుకుంది. చూసినవాళ్లు చెయ్యెత్తండి. అదీ సంగతి.

తెలుగు సినిమా సామాన్లు సర్దుకుని హైదరాబాద్ వెళ్లిపోయినా, తెలుగు గొంతులు కొన్ని ఈ పేటలోనే ఉండిపోయాయి. సీరియళ్లు, అరవ సినిమాలు, పిల్లల ఛానళ్ల కార్టూన్లు తెలుగులో మాట్లాడాలంటే ఇప్పటికీ కోడంబాక్కం, సాలిగ్రామం సందుల్లోని చిన్న థియేటర్లలో రికార్డింగులు జరుగుతుంటాయి. తెలిసినవాళ్ల ద్వారా ఒకసారి అలాంటి గదిలో మూలన కూర్చునే అవకాశం దొరికింది. చెప్పులు బయట, ఏసీ చలి లోపల. మైకు ముందు అరవై దాటిన ఒకావిడ, చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు. తెర మీద పొగరుబోతు ఎలుక. ఆ ఎలుక ఈవిడే.

"ఈ వెధవకి పెదాలు మూడు రకాలుగానే కదుల్తాయండీ," అని చెప్పిందావిడ, టేకుకూ టేకుకూ మధ్య. "తెరుస్తాడు, సగం తెరుస్తాడు, నవ్వుతాడు. మూయడు. మనకేమో 'అమ్మా' అనాలంటే పెదాలు కలవాలి. 'బాబోయ్' అనాలన్నా కలవాలి. వాడు మూయకపోతే నేనెలా అనేది? అందుకని వీడు దెబ్బ తగిలినప్పుడల్లా 'అయ్యో' అంటాడు. వీడికి అమ్మ లేదు పాపం."

రైటర్ గారు తలొంచుకుని పెన్సిల్‌తో ప, బ, మ అక్షరాలున్న చోటల్లా సున్నా చుట్టి మాటలు మారుస్తున్నారు. 'పారిపో' అన్నది 'లగెత్తు' అయింది. 'మోసం' అన్నది 'దగా' అయింది. ఎలుక జారి పడ్డ షాటుకి ఆవిడ నిజంగానే ఒళ్లు కుదించుకుని మోకాళ్లు వంచింది. మైకు ఆ మోకాళ్లను పట్టుకోదు. అయినా వంచింది. రెండో టేకులో ఇంజినీరు "లెంగ్త్ ఓకే అమ్మా" అన్నాడు. ఆవిడ వేడినీళ్లు గుటకేసి, తర్వాతి పాత్ర పిల్లికి దిగింది. నా జన్మలో ఒక్క నటీమణి ఆటోగ్రాఫ్ అడిగానంటే అది ఆవిడదే. "నాదెందుకండీ!" అని నవ్వి, తెలుగులో పూర్తి పేరు రాసిచ్చింది.

ఇలాంటివాళ్లను చూసి వచ్చాక, హాలీవుడ్ జంతువులకు తెలుగు హీరోల గొంతులు పెట్టడం మీద నాకు రెండు రకాల మనసు. 2019లో కొత్తగా తీసిన 'ది లయన్ కింగ్'కి సింబా గొంతు నాని. టిమోన్, పుంబాలకు అలీ, బ్రహ్మానందం. వాళ్లిద్దరి వరకూ నాకు పేచీ లేదు. వాళ్లు పుట్టుకతోనే బొమ్మలు, కెమెరా ముందు ఇన్నాళ్లూ మనుషుల వేషం వేశారంతే. 2024 డిసెంబరులో 'ముఫాసా' వచ్చినప్పుడు సింహానికి మహేశ్ బాబు గొంతు. దానితో ఒక్కసారిగా ఆంధ్ర, తెలంగాణల్లో ఆ సినిమా పెద్దవాళ్ల సినిమా అయిపోయింది. అభిమానులు థియేటర్ల దగ్గర హడావుడి చేశారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే ఇది. కానీ ఆ వంకతోనైనా మీసాలొచ్చిన మగాళ్లు పిల్లలు పక్కన లేకుండా బొమ్మల సింహాన్ని చూడ్డానికి వచ్చారా లేదా? వచ్చారు. నేను నోరు మూసుకున్నాను.

నేను వెతుక్కుంటే మా చుట్టుపక్కల ఇంగ్లీషు ఆటలు, అరవ ఆటలు తగిలాయి. తెలుగు సింహం అరుపు వినాలంటే సూళ్లూరుపేట వెళ్లాలి. అక్కడ వంద అడుగుల వెడల్పు తెర ఉన్న థియేటర్ ఒకటి ఉంది. పెద్ద తెర మోజుతో చెన్నై కుర్రాళ్లు కార్లేసుకుని పోతుంటారు. మేం సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కాం. తెలుగు సినిమాకు పుట్టిల్లయిన పేట నుంచి తెలుగు మాట వినడానికి సరిహద్దు దాటి పోతున్నామని రైల్లో మా మేనకోడలికి వివరించబోయాను. "మామయ్యా, గుమ్మిడిపూండి దాటాక చెప్పండి, ఇప్పుడు సీటు చూడండి," అంది.

2025లో ఎవరి గొంతూ, ఎవరి ముఖమూ అడ్డం పెట్టుకోకుండా ఒక బొమ్మల సినిమా గెలిచింది. అశ్విన్ కుమార్ తీసిన 'మహావతార్ నరసింహ' జూలైలో వచ్చి వందల కోట్లు వసూలు చేసింది. అంతకు ఆరు నెలల ముందు యూగో సాకో జపాన్ వాళ్లతో, మన రామ్‌మోహన్‌తో కలిసి తొంభైల్లోనే తీసిన రామాయణం తెలుగు మాటలతో కూడా థియేటర్లకు వచ్చింది. దాన్ని చూసి నేను చేసిన గోల మా వీధిలో తెలుసు. నరసింహుడికి మాత్రం నా గోల అవసరం లేకపోయింది. మా వరసలో ఒక పెద్దావిడ చెప్పులు విప్పి సీటు కింద పెట్టి కూర్చుంది. పక్కన పిల్లలెవరూ లేరు. స్తంభం పగిలినప్పుడు హాలు హాలంతా నమస్కారం పెట్టింది. నాకు అడ్డం వచ్చింది మళ్లీ రంగారావే. 1967లో ఏవీఎం 'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడు ఆయన. ఈ కంప్యూటర్ హిరణ్యకశిపుడి కండలు ఆయనకు రెండింతలున్నాయి. ఆ పెదవి విరుపు లేదు.

విజయం చూసి నిర్మాతలు వరసగా దేవుళ్లను గీయించడానికి బయల్దేరతారని నా అనుమానం. గీయించనివ్వండి. కానీ అన్నీ దేవుళ్లే అయితే, జనం దండం పెడతారు తప్ప నవ్వరు. నాకు నవ్వు, భయం, అద్భుతం మూడూ కావాలి. అవి మూడూ ఉన్నవి దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు. 'శిథిలాలయం' తీయండి, 'రాకాసిలోయ' తీయండి. చిత్ర గీతలో తీయండి, ముఖాలకు మైనం పూయకండి. ఖర్చు ఎక్కువంటారా? లెక్క నా దగ్గరుంది. తొంభై నిమిషాల సినిమా, నిమిషానికి 720 బొమ్మలు, మొత్తం 64,800. ఒక్కొక్కరు రోజుకు పది బొమ్మలు తేలుస్తారనుకుంటే నలభై మందికి 162 పనిదినాలు. రంగులు, వెనక అడవులు, గుహలు అదనం. అది కూడా వేసుకోండి. ఈ రోజుల్లో ఒక పెద్ద హీరో ఫైటుకి, పాటకి, జిమ్ముకి ఇంతకన్నా ఎక్కువ రోజులు పోతున్నాయి. ఎలుక గొంతుకు, పిల్లి గొంతుకు మనిషి సిద్ధంగా ఉంది. మాంత్రికుడి గొంతుకు కూడా ఆవిడనే అడుగుదాం, చెప్పేస్తుంది. బేతాళుడు కూడా కావాలంటారా, ఆయన ఎప్పుడూ చెట్టు మీదే ఉంటాడు. కాల్షీట్ల గొడవ లేదు.